పదకొండు బొత్తాలు

ఆ చెయ్యి కదపకండి బాబాయ్. సూదులు పెట్టి పావుగంట కాలేదు, అప్పుడే దుప్పటి మీరే లాక్కోవాలా? నేనెందుకున్నాను ఇక్కడ, గోడకి మేకులాగానా?

కోపమేం లేదు. ఉందనే అనుకోండి పోనీ. పిన్నిగారు లిఫ్టు దగ్గర ఆపి చెప్పేదాకా నాకు తెలీదంటే నేనేమనుకోవాలి? "ఇవాళ్టితో ఆపేస్తారటమ్మా. మంగళవారం నుంచి రారట. డాక్టరుగారికి కూడా చెప్పేశారు" అన్నారు. ఏడవలేదు ఆవిడ. సంచిలో మీ కళ్ళజోడు ఉందో లేదో తడుముకుంటూ అన్నారు, పేపరు మానిపించిన సంగతి చెప్పినట్టు. "నీ మాటంటే ఆయనకి గురి, నువ్వొకసారి చెప్పి చూడు" అని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. తలుపు అద్దంలోంచి కనిపిస్తున్నారు చూడండి. ఇటే చూస్తున్నారు.

నా మాటంటే గురిట.

ఆపేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు కిడ్నీలూ మూలపడ్డ మనిషికి ఈ డయాలసిస్ మిషనే కిడ్నీ. వారానికి మూడు పూటలు, పూటకి నాలుగు గంటలు, రక్తం బయటికొచ్చి శుభ్రపడి లోపలికి పోవాలి. అది మానేస్తే పది రోజులు. మీరు గట్టివాళ్ళు కాబట్టి పన్నెండు. అంతే కదా?

ఏంటీ? ఒళ్ళు తట్టుకోవట్లేదనా?

మీ ఒంటి సంగతి మీకేం తెలుసు బాబాయ్. మూడు వారాల కిందట ఆ శనివారం ఇదే మంచం మీద వణికిపోయారు. నడుం విరిగిపోతోందన్నారు, ఛాతీ పట్టేసిందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. అప్పట్నుంచి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరుగారొచ్చి "వయసు, గుండె, మరి ఎంతకని తట్టుకుంటుంది" అన్నారు, మీరు నమ్మేశారు. ఆగిపోయిన గడియారం ఎవరైనా తెస్తే ముందు వెనక మూత తీసి చూసేవాళ్ళు కదా మీరు. మీ దగ్గరికొచ్చేసరికి మూత తీయకుండానే పక్కన పడేస్తారా?

సరే, గొంతు తగ్గిస్తాను. రెండో మంచం అక్క నిద్రపోతోంది.

చెబుతాను. కానీ వరసగా చెప్పనివ్వండి. మధ్యలోంచి అందుకుంటే నాకు ధైర్యం చాలదు. మిషన్ మీద ఇంకా మూడు గంటల నలభై నిమిషాలుంది. మీరెటూ లేవలేరు, నేనెటూ పోలేను. తొట్టి దగ్గర్నుంచి మొదలుపెడతాను. డొంకతిరుగుడు అనుకోకండి. ఆ తొట్టిలోంచే వచ్చింది ఇదంతా.

అసలు నాకా పిచ్చి అంటించింది మీరు. రెండేళ్ళ కిందట కొత్తగా వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఫోన్లో ఒకటే ఫొటో తెరిచి నాలుగు గంటలూ దాన్నే చూసేవారు. మనవరాలేమో అనుకుని తొంగి చూశాను. చూస్తే ఒక రాయి. రాయి నిండా ఆకుపచ్చగా, గుండ్రంగా ఏవో, ఒక్కోదాని అంచు చుట్టూ సన్న వెంట్రుకలు. "ఇదేంటండీ, రాయికి బొత్తాలు కుట్టారు?" అన్నాను. మీరు నవ్వారు. నవ్వితే చెయ్యి కదిలింది, చెయ్యి కదిలితే మిషన్ అరిచింది, సిస్టర్ పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. మీ మొదటి నవ్వు ఖరీదు అది.

అప్పుడు చెప్పారు, అవి పగడాల జాతి ప్రాణులని. వెలుగు పడితే విచ్చుకుంటాయని, వేలు తగిలితే ముడుచుకుంటాయని. మీ గడియారాల కొట్లో, బల్ల పక్కన, ఉప్పునీళ్ళ తొట్టిలో పందొమ్మిదేళ్ళు పెంచానని. గడియారం ఇవ్వడానికొచ్చినవాళ్ళు టైము మర్చిపోయి తొట్టి ముందు నిలబడేవాళ్ళని. తర్వాత మిషన్ సూదుల కోసం ఈ చేతిలో నరాలు కోసి కలిపారు, బరువెత్తకూడదన్నారు. బకెట్లు మొయ్యలేని మనిషికి సముద్రమెందుకని కొట్టూ మూసేశారు, తొట్టీ ఇచ్చేశారు.

నేను మా ఇంట్లో పెంచొచ్చా అనడిగాను. ఏదో మాటవరసకి. మీరు నిజమనుకున్నారు. "డబ్బున్నవాళ్ళ సరదా అంటారు, అబద్ధం. ఓపికున్నవాళ్ళ సరదా" అన్నారు. నాకు రెండూ లేవని మీకప్పటికి తెలీదు పాపం.

తొట్టి గుర్తుందా? పళ్ళ డాక్టరొకాయన క్లినిక్ ఎత్తేస్తుంటే, వెయిటింగు హాల్లోది. రెండడుగులది. ముందు అద్దం మీద ఈ కొసనుంచి ఆ కొసకి గీత. "గీత ఉన్నవైపు గోడకి తిప్పు, గోడకేం పోయింది" అన్నారు మీరు ఇక్కడ పడుకునే. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. లిఫ్టు లేని ఇల్లు, మూడంతస్తులు. మా అమ్మ తలుపు తీసి, "నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదే" అంది.

ఉట్టి నీళ్ళు పోసి, కింద పాత పేపర్లు పరిచి, మూడు రోజులు స్నానాలగదిలో ఉంచమన్నారు. ఒక మూల పేపరు తడిసింది. పాత జిగురు బ్లేడుతో గీకి, కొత్తది పట్టించి, ఎండాక మళ్ళీ మూడు రోజులు. ఆ వారమంతా మేమిద్దరం తొట్టి పక్కన నిలబడి స్నానం చేశాం. స్టాండు కొనే తాహతు లేక అమ్మ గిన్నెల ఇనప రాక్ ఖాళీ చేశాను. గిన్నెలు మంచం కిందకి పోయాయి. ఇప్పటికీ మా ఇంట్లో గరిట కావాలంటే పాకాలి.

ఇక రొయ్య సంగతి. రాళ్ళలో మంచి క్రిములు పుట్టాలంటే నీళ్ళలో ముందు ఏదో ఒకటి కుళ్ళాలన్నారు. ఒక్క పచ్చి రొయ్య చాలన్నారు. మార్కెట్లో చేపలావిడ నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "ఒక్కటా? ఇంట్లో ఎంతమంది?" అంది. తినడానికి కాదమ్మా, కుళ్ళబెట్టడానికి అన్నాను. డబ్బు తీసుకోలేదు. వెళ్ళమంది.

తర్వాత నలభై రోజులు ఏమీ వెయ్యకన్నారు. రాళ్ళు, నీళ్ళు, గిర్రుమనే చిన్న పంపు, అంతే. ఎవరొచ్చినా తొట్టి ముందు వంగి, "చేపలేవీ?" అనేవాళ్ళు. మా అమ్మ జవాబు తయారుగా పెట్టుకుంది. "లోకంలో అందరూ కుక్కని పెంచుతారు, పిల్లిని పెంచుతారు. మా పిల్ల నీళ్ళని పెంచుతోంది." చవక నీలం లైటు బిగించాక, "ఇది ఇల్లు కాదు, ఎక్స్‌రే గది" అంది. అన్నది కానీ, సాయంత్రం కుట్టుమిషన్ తెచ్చి ఆ వెలుగు పక్కనే వేసుకునేది. జాకెట్టు గుడ్డ ఏ రంగుదో తెలీక ఒకసారి ఆకుపచ్చకి ఎర్ర దారం కుట్టేసింది కూడా.

నవ్వండి, పర్లేదు. ఈ ఒక్కసారికి నవ్వండి. నొప్పిగా ఉందా? ట్యూబు కొంచెం ఇటు తిప్పుతాను. ఆఁ.

అన్నిటికీ ఏదో ఒక చవక దారి చెప్పారు మీరు. నీళ్ళ దగ్గరే ఆగాం. కుళాయి నీళ్ళు పనికిరావు, అందులో క్లోరిన్. శుద్ధి చేసిన నీళ్ళు కొనాలంటే తొట్టి నిండా పొయ్యాలి, వారం వారం కొంత తీసి కొత్తవి పొయ్యాలి, రోజూ ఆవిరైపోయినంత కలపాలి. నేను కాగితం మీద లెక్కలు వేసుకుంటుంటే మీరే అన్నారు, "మీ నీళ్ళ గదిలో రోజూ ఎన్ని పారబోస్తారు?" అని.

మీ మీదకి నెట్టట్లేదు బాబాయ్. ఊరికే, వరసగా చెబుతున్నాను.

నీళ్ళ గది తాళం నా నడుముకే ఉంటుంది. మీ అందరి మిషన్లకీ నీళ్ళు అక్కడే శుభ్రమవుతాయి, సాయంత్రం మిగిలినవి కాలువలోకి పోతాయి. కాలువలోకి పోయేవి పది లీటర్ల డబ్బాలు రెండు పట్టుకుంటే ఎవరిది పోయింది? సిస్టర్ ఒకరోజు పట్టుకుంది, ఏంటా డబ్బాలని. మా అమ్మకి గ్యాసు, ఈ నీళ్ళయితేనే పడతాయి అన్నాను. అప్పట్నుంచి వారానికోసారి మా అమ్మ కడుపు గురించి అడుగుతుంది. మొన్న సోంపు పొట్లం కూడా ఇచ్చింది.

మీకు చిటికెడు ఉప్పు కూడా వద్దని నేనే చీటీ రాసిస్తాను. మీకు రోజుకి లీటరు నీళ్ళే, గొంతెండితే ఐసు ముక్క చప్పరించమని నేనే చెబుతాను. ఇంటికెళ్ళి బకెట్లో ఇరవై లీటర్లు పోసి, ముప్పావు కిలో సముద్రపు ఉప్పు గుమ్మరించి, కర్రతో కలుపుతూ కూర్చునేదాన్ని. అప్పుడప్పుడు మీరు గుర్తొచ్చి సిగ్గేసేది. ఎందుకో తెలీదు.

నలభై రోజులూ అయ్యాక మీరు తెచ్చారు. స్టీలు టిఫిన్ డబ్బాలో. సిస్టర్ ఏదో తినడానికి తెచ్చారనుకుని మూత తియ్యబోయింది, మీరు కసిరారు. కొట్టు మూసినప్పుడు అన్నీ ఇచ్చేసి, ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్ళ తొట్టిలో దాచి ఉంచారట. పిడికిలంత రాయి, పదకొండు బొత్తాలు. "తొడుగులు లేకుండా ముట్టుకోకు, ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకు, వీటికి ఒంటి నిండా విషం" అన్నారు. ఇస్తూ డబ్బాని రెండు చేతులతో పట్టుకున్నారు. బరువెత్తకూడని చెయ్యి కూడా.

వారం రోజులు విచ్చుకోలేదవి. ఎనిమిదో రోజు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు, మా అమ్మ కుట్టుమిషన్ ఆపి, "వచ్చావా, నీ బొత్తాలు తెరుచుకున్నాయి" అంది. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉందన్నమాట.

ఆ తర్వాత మీరొచ్చి మంచం ఎక్కగానే మొదటి మాట, ఎలా ఉన్నావని కాదు. "ఎన్ని?" అని. పన్నెండు. పధ్నాలుగు. ఇరవై. వార్డంతా వినేది. రెండో మంచం అక్క కూడా, "ఇరవై ఒకటి ఎప్పుడవుతాయి?" అనేది. ఎనిమిది నెలల్లో ఇరవై ఏడు అయ్యాయి. రెండు నత్తలు, ఒక చారల చేప. పందొమ్మిదేళ్ళు మీరు పెంచినవి నా చేతుల్లో బతికాయి. నేను పదో క్లాసులో ఒకసారి తప్పి, ఈ డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు కూడా రెండోసారికి గట్టెక్కినదాన్ని. నా చేతిలో ఏదైనా పెరగడం అదే మొదలు.

అందుకే భయం పట్టుకుంది. ఏదైనా అవుతుందేమోనని.

ఇప్పుడు చెప్పేది సరిగా వినండి.

నీళ్ళ గదిలో బొగ్గు నింపిన పెద్ద ట్యాంకొకటుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ అక్కడ ఆగిపోవాలి. ఆ నీళ్ళు తాగితే మనిషికేం కాదు. కానీ ఇక్కడ నీళ్ళు రక్తం పక్కనే పారతాయి, మధ్యలో సన్న పొర అంతే. క్లోరిన్ ఉంటే పొర దాటి రక్తంలో కణాల్ని పగలగొడుతుంది. అందుకే రోజూ పొద్దున్న మొదటి మనిషికి మిషన్ పెట్టేముందు ఆ ట్యాంకు నీళ్ళలో చిన్న కాగితం పట్టీ ముంచి చూడాలి. తెల్లగా ఉంటే రిజిస్టర్లో సున్నా వెయ్యాలి. రంగు తిరిగితే అన్నీ ఆపెయ్యాలి. ఆ పని నాది. సున్నా పక్కన సంతకం నాది.

సంవత్సరంన్నర చూశాను. ఒక్కరోజు రంగు తిరగలేదు. రోజూ సున్నా, రోజూ సున్నా. మీరే చెప్పండి, రోజూ ఒకటే జవాబిచ్చేదాన్ని ఎన్నాళ్ళని అడుగుతాం?

ఇంటికి తీసుకెళ్ళే నీళ్ళు కూడా చూసుకోవాలనిపించింది. డబ్బాలో ఏమైనా మిగిలి ఉంటుందేమో, బొత్తాలకి తగులుతుందేమోనని. బయట ఆ పట్టీలు కొనలేను. ముందు రెండు తీసుకెళ్ళాను. తర్వాత నాలుగు. ఒక వారం సీసాయే బ్యాగులో వేసుకెళ్ళాను, తిరిగి తెద్దామని.

తేలేదు. రోజూ పొద్దున్న బస్సెక్కాక గుర్తొచ్చేది. ఇంట్లో లైటు పక్కన, చేప మేత డబ్బా పక్కన కూర్చుంది ఆ సీసా. ఇక్కడ కొత్తది అడిగితే, యాభై పట్టీలు అప్పుడే ఎలా అయిపోయాయంటారు. అడగలేదు. పన్నెండు రోజులు చూడకుండా సున్నా వేశాను.

అర్థమైందా బాబాయ్? మీ బొత్తాలకి చూశాను. మీకు చూడలేదు.

అలా చూడకండి. కాదు, చూడండి. చూస్తూనే వినండి.

ఆ శనివారం మీరు వణికినప్పుడు నేనే మీ కాళ్ళు పట్టుకున్నాను. రెండో మంచం అక్క వాంతి చేసుకుంది, ఐదో మంచం ఆయన తల పగిలిపోతోందన్నాడు. మీ ట్యూబులో రక్తం రంగు తేడాగా ఉంది, ద్రాక్షరసంలాగా, అవతలి వెలుతురు కనపడేట్టు. నేను చూశాను. నాకు తట్టలేదు. ఒట్టు, ఆ నిమిషాన తట్టలేదు. నీళ్ళంటే సున్నా కదా నా బుర్రలో.

సాయంత్రం ఇంటికెళ్ళాను. మీరు వణకడమే కళ్ళముందు. మామూలుగా పట్టీ ముంచి చూసి పోసేదాన్ని, ఆ రోజు పరధ్యానంలో ఉప్పు కలిపి పోసేశాను. ఇరవై లీటర్లూ.

ఆదివారం పొద్దున్న అమ్మ లేపింది. "నీ చేప పైకొచ్చి నోరు తెరుస్తోందే" అంది. నత్తలు రెండూ అద్దం వదిలేసి వెల్లకిలా పడి ఉన్నాయి. బొత్తాలు ముడుచుకుపోయాయి. ముడుచుకోవడం కాదు, మీకు తెలుసు ముడుచుకోవడానికీ కరగడానికీ తేడా. వాటి మీద తెల్లగా పొగలాగా లేస్తోంది.

డబ్బా అడుగున గ్లాసుడు నీళ్ళు మిగిలాయి, ఉప్పు కలపనివి. పట్టీ ముంచాను. రంగు తిరిగింది. నిమిషం కూడా ఆగలేదు, పెట్టగానే. రెండోది ముంచాను. మూడోది. సీసాలో తొమ్మిది ఉంటే తొమ్మిదీ ముంచాను. ఒక్కటైనా తెల్లగా రాకపోతుందా అని.

మా అమ్మ అనుకుంది నేను బొత్తాల కోసం ఏడుస్తున్నానని. "పోతే పోయాయిలే, మళ్ళీ ఆయన్నే అడుగుదువుగాని" అంది.

మళ్ళీ మీ దగ్గరికే వెళ్ళి అడగాలట.

సోమవారం ఐదింటికే వచ్చాను. మిషన్లు ఆపించాను, క్లోరిన్ వస్తోందని మేనేజరుకి ఫోన్ చేశాను. వానలకి మున్సిపాలిటీవాళ్ళే క్లోరిన్ మందు ఎక్కువ కలిపారట, బొగ్గు కూడా అరిగిపోయిందట. మధ్యాహ్నానికి బొగ్గు మార్చేశారు, పట్టీలు కూడా కొత్త సీసా ఇచ్చారు. ఆ తర్వాతేం జరిగిందో తెలుసా? మేనేజరు అందర్నీ పిలిచి, "ఎవరికీ ఏమీ కాకముందే కనిపెట్టింది, పనంటే ఇలా చెయ్యాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సిస్టర్ నా భుజం తట్టింది. శనివారం గడిలో సున్నా ఉంది కదా, నా చేత్తో వేసిందే. శనివారం బాగున్నాయన్నమాట నీళ్ళు. శనివారం బాగుంటే మీరు వణికింది మరి దేనికి? వయసుకి. గుండెకి. ఎవరూ కలిపి చూడలేదు. కలపగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

మంగళవారం మీరొచ్చారు. చక్రాల కుర్చీలో. మంచం ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. ఎక్కి, ఊపిరి అందాక, "ఎన్ని?" అన్నారు.

ఇరవై ఎనిమిది అన్నాను.

ఇప్పుడెన్ని ఉన్నాయంటారా? ఒక్కటీ లేదు బాబాయ్. ఆ వారానికే అన్నీ కరిగిపోయాయి. రాయి మాత్రం ఉంది. చేప ఉంది, అదెలా బతికిందో నాకు తెలీదు. మొన్న గురువారం ముప్పై ఒకటి అన్నాను చూడండి, అప్పుడు మీరు పిన్నిగారి వైపు తిరిగి వేళ్ళతో చూపించారు, మూడు, ఒకటి అని. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తినలేదని చెప్పుకోవడం కూడా సిగ్గే.

మూడు వారాలు ఎందుకు చెప్పలేదంటే, మీరు కోలుకుంటారనుకున్నాను. కోలుకుంటే చెప్పే పనుండదనుకున్నాను. అంతే. ఇంకో పెద్ద కారణం చెబుదామంటే లేదు. ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, మా అమ్మ కుట్టుమిషన్ మీద ఇద్దరం బతకలేం, అవన్నీ ఉన్నాయి. కానీ అసలుది అదే. పిన్నిగారు ఇవాళ లిఫ్టు దగ్గర ఆపకపోతే, ఇప్పుడు కూడా ముప్పై రెండు అనేదాన్ని.

మీ ఒళ్ళు తట్టుకోలేక కాదు. మీ ఒంట్లో ఏ చక్రమూ అరగలేదు. నేను వేసిన సున్నా అది. రక్తం మళ్ళీ పడుతుంది, మొన్నటి రిపోర్టులో కొంచెం పెరిగింది కూడా, నేను చూశాను. ఇంకో నెలకి మెట్లెక్కుతారు. ఇది తెలీకుండా మీరు ఆపేస్తే, అది మీ నిర్ణయం కాదు. నాది.



*

గంటన్నర అయింది బాబాయ్ మీరు కళ్ళు మూసుకుని. నిద్రపోలేదని నాకు తెలుసు. నిద్రపోతే మీ బొటనవేలు కదలదు.

ఐసు ముక్క తేనా? వద్దా.

రెండో మంచం అక్క లేచింది. "ఇవాళ ఎన్ని?" అని సైగ చేస్తోంది నన్ను చూసి. తల తిప్పుకున్నాను. ఆవిడకి కూడా చెప్పాలి కదా. ఐదో మంచం ఆయనకి. శనివారం పొద్దుటి పూట వచ్చిన ఎనిమిది మందికి. ఆ ముందు రోజు కూడా అలాగే ఉందేమో, గురువారం కూడా ఉందేమో, ఎప్పట్నుంచో నాకే తెలీదు. అంతకుముందు శనివారం ఇంట్లో చూసినప్పుడు తెల్లగానే ఉంది. మధ్యలో ఏ రోజు తిరిగిందో చెప్పే కాగితం లేదు. పన్నెండు సున్నాలున్నాయి.

ఏంటి? సరిగా వినపడలేదు.

ఇవాళ చూశావా, అనా?

చూశాను. పొద్దున్న తాళం తియ్యగానే ఒకసారి, మీకు సూదులు పెట్టేముందు ఒకసారి. ఆ సోమవారం నుంచీ రోజూ అంతే. నాకు చాదస్తం పట్టిందంటోంది సిస్టర్. ఇవాళ్టి పట్టీలు జేబులోనే ఉన్నాయి. ఇవిగో, చూడండి. తెల్లగా ఉన్నాయి కదా? మీ కళ్ళతో మీరే చూడండి, నా మాట మీద కాదు.

మంగళవారం వస్తారా?

సరే. అడగను.

ఎందుకు పెంచావని అడగలేదు మీరు, ఇవాళ చూశావా అనే అడిగారు. ఎందుకని అడగరు. మీరడగరని తెలిసే నేనే చెబుతున్నాను. చవకగా చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట నుంచి తియ్యాలి. ఎక్కడినుంచి తీస్తున్నానో చూసుకోలేదు. నాకు ఇంట్లో ఆ నీలం వెలుగు కావాలనిపించింది, అంతే. ఇక్కడ రోజంతా ఎర్రగొట్టాలు చూసి ఇంటికెళ్ళాక ఏదైనా విచ్చుకునేది చూడాలనిపించింది. అది తప్పు కాదంటారు మీరు. తప్పు కాకపోవచ్చు. అదే నాకు మింగుడుపడట్లేదు.

అయిపోయింది. నాలుగు గంటలూ అయ్యాయి. ఆపుతున్నాను. చెయ్యి వదులుగా పెట్టండి, రక్తం మొత్తం లోపలికి వెళ్ళనివ్వండి.

ఇది మొదటి సూది. కొంచెం చురుక్కుమంటుంది.

వేలు పెట్టనివ్వండి ఇక్కడ, పది నిమిషాలు నొక్కి పట్టాలి కదా. ఏం, నేను వద్దా?

వద్దా.

సరే. మీరే పట్టుకోండి. ఇంకొంచెం పైకి. ఆఁ, అక్కడ. గట్టిగా. నేను ముట్టుకోను, పక్కన నిలబడతాను.

ఏమన్నారు? డాక్టరుగారిని పిలవాలా?

పిలుస్తాను. ఇక్కడికే రమ్మంటాను, మీ ముందుకే. పిన్నిగారిని కూడా లోపలికి రమ్మంటాను, ఆవిడ తలుపు అవతల నిలబడి వినక్కర్లేదు. మీరు మొదలుపెట్టకండి బాబాయ్. నా నోటితో నేనే చెబుతాను, పట్టీల సీసా దగ్గర్నుంచి. మధ్యలో ఆగిపోతే మాత్రం మీరు అందుకోండి.

ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు.